సైనిక దుస్తుల భుజతాళ్లు: గుర్తుపట్టడం, అల్లడం, తొడగడం, దాచిపెట్టడం

కవాతులో అధికారి భుజం మీంచి ఛాతీ మీదకు వాలే బంగారు రంగు తాడు ఎవరి కంటికైనా ఆనుతుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుని చూపు తిప్పేస్తారు. తెలిసినవాళ్లు మాత్రం ఆ తాడును చూసి ఆయన ఎవరి దగ్గర పనిచేస్తున్నారో, ఏ దళం మనిషో, ఆ దళానికి ఎక్కడ పేరొచ్చిందో చెప్పేస్తారు. ఏ భుజం, ఏ రంగు, ఎన్ని మెలికలు, కొసన ఏముంది అనే నాలుగు విషయాలు కలిస్తేనే తాడుకు అర్థం. ఒక్కటి మారితే అర్థమే మారిపోతుంది.

నాటకాలకు దుస్తులు కుట్టేవాళ్లు, బ్యాండు మేళాలకు యూనిఫాం సిద్ధం చేసేవాళ్లు, పాత సైనిక వస్తువులు సేకరించేవాళ్లు, చేతిపని మీద మక్కువ ఉన్నవాళ్లు దీన్ని దగ్గర పెట్టుకుని తాడు తయారుచేసుకోగలిగేలా రాస్తున్నాను. అల్లిక ఇప్పటికే వచ్చినవాళ్లు కూడా మొదటి భాగాన్ని దాటేయవద్దు. చేతిలో ఎంత నేర్పు ఉన్నా, ఏం అల్లుతున్నామో తెలియకపోతే ఆ శ్రమంతా వృథా.

ముందు ఏ తాడో తేల్చుకోండి

భుజతాళ్లు ప్రధానంగా మూడు పనులు చేస్తాయి. కొన్ని మనిషి పదవిని చెబుతాయి. కొన్ని దళానికి దక్కిన గౌరవాన్ని చెబుతాయి. ఇంకొన్ని ఒకప్పుడు పనిముట్లు, ఇప్పుడు గుర్తులు.

పదవిని చెప్పేది ఎయిగ్విలెట్. జడలా అల్లిన తాళ్లు, వాటి పక్కన మామూలు తాళ్ల మెలికలు, కొసల్లో వేలాడే లోహపు మొనలు దీని లక్షణాలు. ఆ మొనలు ఎందుకున్నాయని చాలామంది అడుగుతారు. మధ్యయుగాల యూరప్‌లో యోధులు కవచం ముక్కలను లోపలి దళసరి చొక్కాకు తాళ్లతో కట్టుకునేవారు. తాడు రంధ్రంలోంచి సులువుగా దూరాలని కొసకు లోహపు మొన తొడిగేవారు. ఎయిగ్విలెట్ ఆ తాళ్ల వారసత్వమే అన్న వివరణ నాకు అన్నిటికన్నా నమ్మదగ్గదిగా తోస్తుంది, ఎందుకంటే మొన ఎందుకుందో అది సూటిగా చెబుతుంది. గుర్రాన్ని కట్టే తాడని, పారిపోయిన సైనికుడిని ఉరితీసే తాడని చెప్పే కథలూ చాలా ఉన్నాయి. వాటిని కథలుగా వినండి.

ఎయిగ్విలెట్ విషయంలో భుజమే అసలు సంగతి. అమెరికాలో అధ్యక్షుడి సహాయకులు, శ్వేతసౌధంలో సహాయకులుగా ఉండే అధికారులు దాన్ని కుడి భుజానికి వేసుకుంటారు. జనరళ్లకు, అడ్మిరళ్లకు సహాయకులుగా ఉండేవారు, రాయబార కార్యాలయాల్లో సైన్యం తరఫున ఉండే అధికారులైన సైనిక అటాషేలు ఎడమ భుజానికి వేసుకుంటారు. అదే మనిషి, అదే కోటు అయినా తాడు భుజం మారితే ఆయన యజమాని మారినట్టే. అమెరికా నౌకాదళంలో మెలికల సంఖ్యను బట్టి సహాయకుడు ఏ హోదా అడ్మిరల్ దగ్గర ఉన్నాడో తెలుస్తుంది. బ్రిటన్ రాజకుటుంబపు అశ్వదళమైన హౌస్‌హోల్డ్ కావల్రీ పద్ధతి ఇంకా వింతగా ఉంటుంది. పూర్తి ఉత్సవ దుస్తుల్లో వారి నాన్ కమిషన్డ్ అధికారుల (కార్పొరల్ లాంటి కింది స్థాయి వారి) చేతి మీద హోదా పట్టీలు ఉండవు. ఎయిగ్విలెట్ చూసే హోదా పోల్చుకోవాలి.

అలాగని తాడు ఉన్న ప్రతివారూ పెద్ద అధికారి పక్కన ఉండేవారని అనుకోకూడదు. అమెరికా నౌకాదళంలో కొత్తగా చేరినవారికి శిక్షణ ఇచ్చే బోధకులు ఎడమ భుజానికి ఎర్రతాడు వేసుకుంటారు. శిక్షణ కేంద్రంలో కొత్తవాళ్లు ముందుగా గుర్తుపట్టడం నేర్చుకునే వాటిలో అదొకటి.

దళ గౌరవాన్ని చెప్పేది ఫురాజేర్. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1916లో ఫ్రాన్స్ దీన్ని గౌరవ చిహ్నంగా నెలకొల్పింది. పతకం మనిషికి ఇస్తారు, దళం మొత్తానికి ఎలా ఇవ్వాలి అన్న చిక్కుకు ఇది చక్కని పరిష్కారం. సైన్య స్థాయి ఉత్తర్వుల్లో 2 లేదా 3 సార్లు ప్రశంస పొందిన దళానికి క్రువా ద గేర్ అనే యుద్ధ పతకపు రిబ్బను రంగుల్లో, అంటే ఆకుపచ్చ ఎరుపుల్లో తాడు ఇస్తారు. 4 లేదా 5 ప్రశంసలైతే మెదాయ్ మిలితేర్ అనే సైనిక పతకపు రంగులైన పసుపు ఆకుపచ్చలు. 6 నుంచి 8 దాకా అయితే ఫ్రాన్స్ అత్యున్నత పురస్కారమైన లెజియన్ దొనూర్ ఎరుపు. దీన్ని ఎడమ భుజానికి వేసుకుంటారు. ఆ యుద్ధంలో ఫ్రాన్స్ గడ్డ మీద పోరాడిన అమెరికా మెరైన్ దళాల్లో 5వ, 6వ రెజిమెంట్లకు ఈ గౌరవం దక్కింది. ఆ రెజిమెంట్లలో పనిచేస్తున్న మెరైన్లు ఇప్పటికీ ఆ ఆకుపచ్చ ఎరుపు తాడు వేసుకుంటారు. యుద్ధం ముగిసి నూరేళ్లు దాటాక చేరిన కుర్రవాడు కూడా ఆ రెజిమెంటులో ఉన్నంతకాలం దాన్ని ధరిస్తాడు, వేరే దళానికి బదిలీ అయితే తీసేస్తాడు. నెదర్లాండ్స్ ఇచ్చిన నారింజ రంగు తాడును అమెరికా 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్ ఇలాంటి గర్వంతోనే చూసుకుంటుంది.

మూడోది లాన్యార్డ్. ఇది భుజం చుట్టూ తిరిగి రొమ్ము జేబులోకి దిగే సాదా తాడు. పోలీసుల విజిల్ తాడు ఈ కుటుంబానిదే. బ్రిటన్ రాయల్ ఆర్టిలరీ సైనికులు ఒకప్పుడు దీనికి మడతకత్తి, ఫిరంగి గుండు ఫ్యూజు బిగించే తాళంచెవి కట్టుకునేవారు. రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు వస్తువు కింద పడకుండా ఉండడమే దాని ప్రయోజనం. కాలం మారి ఆ అవసరం పోయినా తెల్లతాడు మాత్రం ఆ దళం గుర్తుగా ఉండిపోయింది. ఫిరంగులు శత్రువుకు వదిలేసి వచ్చినందుకు శిక్షగా ఆ తాడు వేశారన్న మాట అక్కడక్కడా వినిపిస్తుంది. అది నిజం కాదు.

మన సైన్యంలో లాన్యార్డ్ గురించి చెప్పాలంటే ముందుగా గఢ్వాల్ రైఫిల్స్ పేరే చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపిన పరాక్రమానికి 1921లో ఆ రెజిమెంటుకు 'రాయల్' అన్న బిరుదు, దానితోపాటు ఎర్రటి పురితాడు దక్కాయి. స్వాతంత్ర్యం తర్వాత బిరుదు పోయింది, కిరీటం గుర్తు పోయింది. తాడు మాత్రం మిగిలింది. గఢ్వాలీ సైనికుడి కుడి భుజాన ఇప్పటికీ ఆ ఎర్రతాడు ఉంటుంది.

లాన్యార్డుకూ ఎయిగ్విలెట్‌కూ మధ్యస్థంగా ఉండేవీ కొన్ని ఉన్నాయి. అమెరికా పదాతిదళ సైనికులు కుడి భుజానికి వేసుకునే లేత నీలి తాడు కొరియా యుద్ధ కాలంలో వచ్చింది. పదాతిదళ శిక్షణ పూర్తిచేసినప్పుడు దాన్ని వేడుకగా తొడుగుతారు. జర్మనీ సైన్యంలో గురి తప్పని షూటర్లకు ఇచ్చే షుట్సెన్‌ష్నూర్ తాడులో కంచు, వెండి, బంగారం అని మూడు మెట్లు ఉన్నాయి.

మాదిరి ఫొటోను పరీక్షించండి

తాడు రకం తేలాక దాని ఫొటోలు సేకరించండి. ఇక్కడ ఒక చిక్కుంది. ఫొటో తిరగబడి ఉంటే కుడి ఎడమై, మీరు అల్లిన తాడు వేరే పదవిని చెబుతుంది. 19వ శతాబ్దంలో పలుచని ఇనుపరేకు మీద తీసిన టిన్‌టైప్ ఫొటోలు సహజంగానే అద్దంలో బింబంలా ఉంటాయి. ఇంటర్‌నెట్లో దొరికే బొమ్మలను పేజీ అందం కోసం తిప్పేసినవాళ్లూ ఉన్నారు.

కనిపెట్టడం కష్టం కాదు. పతకాల వరుస ధరించినవారి ఎడమ రొమ్ము మీద ఉండాలి. మగవారి కోటు ఎడమ అంచు కుడి అంచు మీదకు వస్తుంది. పేరుపట్టీ మీది అక్షరాలు కనిపిస్తే సందేహమే ఉండదు. ఈ మూడింటిలో రెండైనా సరిపోయాకే ఆ ఫొటోను మాదిరిగా తీసుకోండి.

ముందునుంచి తీసిన ఫొటో ఒక్కటే చాలదు. తాడులో సగం చంక కింద, వీపు వైపు ఉంటుంది. పక్కనుంచి తీసినది, చేయి ఎత్తినప్పుడు తీసినది దొరికితే మెలికలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో తెలుస్తుంది. కొన్ని మాదిరుల్లో మెలికలు భుజం దగ్గరే మొదలై చేయి చుట్టూ తిరిగి భుజం దగ్గరే ముగుస్తాయి. కొన్నిటిలో ఛాతీ దాకా వస్తాయి. ఇది ఊహతో చేసే పని కాదు, చూసి చేయాల్సిందే.

కొలతలు

కొలతలు ఒంటి మీద కోటు ఉండగానే తీయాలి. బల్ల మీద పరిచిన కోటుకు ఛాతీ గుండ్రనం ఉండదు, చేయి కదలదు.

1. అల్లబోయే తాడంత మందం ఉన్న మామూలు తాడు ఒకటి తీసుకోండి. టేపు కంటే ఇదే మేలు, ఎందుకంటే టేపు బల్లపరుపుగా పడుతుంది, తాడు వాలుతుంది.

2. భుజపట్టీ కింద, చేతి వైపు చివర తాడును పిన్నుతో గుచ్చండి. అక్కణ్నుంచి ఛాతీ ముందుగా పైగుండీ దాకా గాని, కాలరు మడత దాకా గాని తెచ్చి, మాదిరిలో ఉన్నంత వాలు ఇవ్వండి. ఇది ముందు జడ పొడవు. పెద్దవారికి సుమారు 40 నుంచి 45 సెంటీమీటర్లు రావచ్చు.

3. మళ్లీ భుజం దగ్గర మొదలుపెట్టి చేతి వెనకగా, చంక కిందుగా తెచ్చి అదే గుండీ దగ్గరకు చేర్చండి. ఇది వెనక జడ. ముందు దానికన్నా బాగా పొడుగ్గా వస్తుంది.

4. ఇప్పుడు ఆ మనిషిని సెల్యూట్ చేయమనండి. చేయి పూర్తిగా పైకెత్తమనండి. వెనక తాడు లాగేస్తే 2, 3 సెంటీమీటర్లు పెంచండి. చేయి దించినప్పుడు మోచేతి దాకా జారితే తగ్గించండి.

నాలుగో మెట్టు అన్నిటికన్నా ముఖ్యం. సెల్యూట్ చేయలేని భుజతాడు ఎంత అందంగా అల్లినా పనికిరాదు.

దారం ఎంపిక

అసలైన ఉత్సవపు తాళ్లు జరీతో చేస్తారు. పత్తి లేదా పట్టు దారం చుట్టూ బంగారు పూత పూసిన సన్నని లోహపు తీగ చుట్టి ఉంటుంది. అది బరువుగా ఉంటుంది, ఆ బరువు వల్లే అంత హుందాగా వాలుతుంది. ఖరీదు, నల్లబడే గుణం దాని కష్టాలు. నాటకానికి, బ్యాండుకు మెటాలిక్ పాలియెస్టర్ తాడు సరిపోతుంది. దూరం నుంచి తేడా తెలియదు, చెమటకు నల్లబడదు. కానీ అది తేలిక. గాలికి ఎగరకుండా ఉండాలంటే లోపల నూలు తాడు ఉన్న రకం ఎంచుకోండి.

రంగు తాళ్లకు రేయాన్ నిగారింపు బాగుంటుంది. తెల్ల లాన్యార్డుకు నూలే ఉత్తమం, ఉతకవచ్చు. నైలాన్ గట్టిదే గాని జారుడు గుణం వల్ల ముళ్లు వదులవుతాయి. జడకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల తాడు, సాదా మెలికలకు 5 మిల్లీమీటర్ల తాడు తీసుకుంటే రెంటికీ మందం పొందిక కుదురుతుంది. ఒకే కట్ట నుంచి అంతా తీయండి. అదే రంగు అని రాసి ఉన్నా వేరే కట్ట దారం పక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కత్తిరించే ముందు కొసలు కట్టాలి. నైలాన్, పాలియెస్టర్ కొసలను మంటతో కరిగించి మూయవచ్చు. నూలు, రేయాన్ మాడిపోతాయి, వాటికి మంట చూపకండి. జరీ తాడునైతే కత్తిరించే చోటికి రెండు పక్కలా ముందే దారం చుట్టాలి, లేకపోతే తీగ సర్రున విడిపోతుంది. చుట్టే పద్ధతి ఇది: సన్నని దారాన్ని ఉచ్చులా మడిచి తాడు వెంబడి పెట్టండి. మిగిలిన దారంతో ఉచ్చు తల వైపు 8, 10 చుట్లు పక్కపక్కనే బిగుతుగా చుట్టండి. చివరి కొసను ఉచ్చులో దూర్చి, రెండో కొస లాగండి. ఉచ్చు చుట్ల కిందకి వెళ్లి ఇరుక్కుంటుంది. రెండు కొసలూ కత్తిరించేయండి.

మొదటి అల్లిక: పురితాడు

లాన్యార్డుకు ఇది చాలు, మొదటిసారి చేసేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలి. కావలసిన పొడవుకు మూడు రెట్లు తాడు తీసుకోండి. ఒక కొస కొక్కేనికి తగిలించి, రెండో కొస పట్టుకుని ఒకే దిక్కుకు పురి ఎక్కించండి. కాస్త వదులు చేయగానే తనంతట తానే మెలితిరిగేంత పురి రావాలి. అప్పుడు తాడును బిగుతుగా పట్టి ఉంచి, సరిగ్గా మధ్యన ఒక చిన్న బరువు తగిలించి, రెండు కొసలూ ఒకచోట చేర్చండి. బరువును మెల్లగా తిరగనివ్వండి. రెండు సగాలూ ఎదురు దిక్కుకు పెనవేసుకుంటాయి. ఎదురు పురి ఉంది కాబట్టే తాడు విడిపోకుండా నిలుస్తుంది.

ఒక్కసారిగా వదిలేస్తే మధ్యలో ఉండలు పడతాయి. పొడవు ఎక్కువైతే ఇంకొకరి సాయం తీసుకోండి.

రెండో అల్లిక: నాలుగు పేటల గుండ్రటి జడ

ఎయిగ్విలెట్‌కు మామూలు మూడు పేటల జడ వేసేవారున్నారు. అది పల్చగా, పట్టీలా పడుతుంది. నాలుగు పేటల జడ గుండ్రంగా, నిండుగా ఉండి ఏ వైపు తిరిగినా ఒకేలా కనిపిస్తుంది. అందుకే నా ఓటు దీనికే. కుదిరాక చెయ్యి తనంతట తానే నడుస్తుంది. జడ పొడవుకు ఒకటిన్నర రెట్లు చొప్పున నాలుగు పేటలు కత్తిరించండి, ఇంకో 15 సెంటీమీటర్లు అదనంగా ఉంచుకోండి.

1. నాలుగు పేటల తలలు కలిపి దారంతో కట్టి బల్ల అంచుకు బిగించండి. ఎడమ నుంచి కుడికి 1, 2, 3, 4 అనుకోండి.

2. కుడి చివరి పేటను, అంటే 4ను, పక్కనున్న 3, 2 వెనకగా తీసుకెళ్లి, 1కీ 2కీ మధ్యనుంచి ముందుకు తెచ్చి, 2 మీదుగా కుడికి వెనక్కి తిప్పండి. ఇప్పుడు వరుస 1, 2, 4, 3.

3. ఎడమ చివరి పేటను, అంటే 1ను, 2, 4 వెనకగా తీసుకెళ్లి, 4కీ 3కీ మధ్యనుంచి ముందుకు తెచ్చి, 4 మీదుగా ఎడమకు తిప్పండి. వరుస 2, 1, 4, 3.

4. ఇక ఇదే పని. కుడి చివరిది ఒకసారి, ఎడమ చివరిది ఒకసారి. ఎప్పుడూ రెండు పేటల వెనకగా వెళ్లి, ఒకదాని మీదుగా తిరిగి రావాలి.

మధ్యలో ఆపాల్సి వస్తే చివరిగా కదిపిన పేటకు పిన్ను గుచ్చండి. లేకపోతే తిరిగి మొదలుపెట్టినప్పుడు ఒకే వైపు పేటను రెండుసార్లు తిప్పే ప్రమాదం ఉంది, ఆ చోట జడ మీద బుడిపె లేస్తుంది. బుడిపె కనిపిస్తే అక్కడిదాకా విప్పి మళ్లీ అల్లండి. బిగించి సర్దుదామనుకుంటే సర్దుకోదు.

జడ అందమంతా బిగువు ఒకేలా ఉండడంలోనే ఉంది. అలసిన చేతికి తెలియకుండానే బిగువు తగ్గుతుంది. ముందు జడ, వెనక జడ రెండూ ఒకే పూట, ఒకే చేతితో అల్లడం మంచిది. ఒకరు ముందుదీ ఇంకొకరు వెనకదీ అల్లితే ఛాతీ మీద కలిసేచోట ఆ తేడా బయటపడుతుంది. పేటలు పొడుగ్గా ఉండి చిక్కుపడుతుంటే ఒక్కోదాన్ని చిన్న ఉండగా చుట్టి రబ్బరు బ్యాండు వేయవచ్చు. జరీకైతే రబ్బరు వద్దు, గుడ్డ పీలికతో కట్టండి. ఎందుకో చివర్లో చెబుతాను.

మూడో అల్లిక: చదరపు ముళ్లు

అమెరికా పదాతిదళపు నీలి తాడు మధ్య తాడు చుట్టూ వరసగా వేసిన చదరపు ముళ్లతో తయారవుతుంది. దీనికి దారం బాగా ఖర్చవుతుంది. మధ్యలో ఉండే తాడు జడ పొడవుకు కాస్త ఎక్కువగా ఉంటే చాలు, పక్కన పనిచేసే రెండు తాళ్లూ ఒక్కొక్కటి ఐదు రెట్లు కావాలి.

ఎడమ తాడును మధ్యదాని మీదుగా కుడికి తెచ్చి, కుడి తాడు కిందగా పోనివ్వండి. కుడి తాడును మధ్యదాని వెనకగా ఎడమకు తెచ్చి, ఎడమ పక్క ఏర్పడిన ఉచ్చులోంచి పైకి తీయండి. బిగించండి. ఇది సగం ముడి. రెండో సగానికి కుడి తాడుతో మొదలుపెట్టి అద్దంలో చూసినట్టు చేయండి. ఒకే సగాన్ని మళ్లీ మళ్లీ వేస్తే తాడు మెట్లలా సుడి తిరుగుతుంది. అది చూడ్డానికి బాగానే ఉంటుంది గాని పదాతిదళ తాడు కాదు.

ముక్కలను కలిపి కుట్టడం

ఎయిగ్విలెట్‌కు ఇప్పుడు మీ దగ్గర రెండు జడలు, మాదిరిలో ఉన్నన్ని మెలికలకు సాదా తాడు ఉన్నాయి. కోటు రంగు దళసరి గుడ్డతో 3 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల పొడవు ఉన్న చిన్న పట్టీ కుట్టండి. ఇది భుజపట్టీ కింద దాగుతుంది. జడల తలలు, మెలికల తలలు దీని మీద పక్కపక్కనే పరిచి కుట్టాలి. ఒకదానిమీద ఒకటి పేర్చితే భుజం మీద గుట్టలా లేస్తుంది. వెనక జడ వీపు వైపుకు, ముందు జడ ఛాతీ వైపుకు వచ్చేలా వరుస చూసుకోండి. పట్టీకి ఒక కాజా గాని హుక్కు గాని పెట్టి, భుజపట్టీ గుండీకి పట్టేలా చేయండి.

రెండో చివర రెండు జడలనూ కలిపి కుట్టి, ఆ అతుకు మీద అదే దారంతో చుట్టు కట్టు వేసి దాచేయండి. అతుకు వెనక చిన్న ఉచ్చు కుట్టండి. అది కాలరు కింద గుండీకో, మడత కింద హుక్కుకో తగులుతుంది. అతుకు కిందనుంచి రెండు తాడు ముక్కలు మొనలతో వేలాడాలి.

మొనలను కొనుక్కోవడమే మేలు. తాడు మందానికి లోపలి వ్యాసం సరిగ్గా సరిపోయే ఇత్తడి తొడుగులు తీసుకోండి. తాడు కొసకు దారం చుట్టి, ఎపాక్సీ జిగురు కొద్దిగా పూసి, తొడుగులోకి తిప్పుతూ నెట్టండి. తలకిందులుగా ఆరబెట్టవద్దు, జిగురు తాడులోకి పాకి గట్టిపడుతుంది. మొన కిందికే ఉండేలా వేలాడదీసి ఒక రాత్రి ఆరనివ్వండి. రెండు మొనలూ ఒకే ఎత్తున వేలాడుతున్నాయో, ఒకటి పైన ఒకటి కింద ఉందో మాదిరిలో చూసి అలాగే పెట్టండి.

తొడగడం

ముందు కోటు, తర్వాత పతకాలు, చివర తాడు. భుజపట్టీ గుండీ విప్పి తాడు పట్టీని దానికి తగిలించి మళ్లీ గుండీ పెట్టండి. ముందు జడకూ వెనక జడకూ మధ్యనుంచి చేయి దూర్చండి. వెనక జడను చంక కిందనుంచి ముందుకు లాగి, ఛాతీ దగ్గర ఉచ్చును హుక్కుకు తగిలించండి. జడ మెలితిరిగిందేమో చంక కింద వేలితో తడిమి చూడాలి. ఎవరికీ కనిపించదు గదా అని వదిలేస్తే అరగంట కవాతు తర్వాత తాడంతా ఒక పక్కకు లాగేస్తుంది. చివరగా చేతులు చాపి, సెల్యూట్ చేసి, కూర్చుని లేచి చూసుకోండి.

లాన్యార్డయితే భుజం చుట్టూ, చంక కిందుగా తిప్పి కొసను రొమ్ము జేబు గుండీకి గాని జేబులోకి గాని వదలండి. విజిల్ లాంటివి ఉన్నా మెడ చుట్టూ వేసుకోకండి. ఎక్కడైనా చిక్కుకుంటే మెడకు బిగుసుకుంటుంది.

బ్యాండుకు, నాటకానికి చేస్తున్నవాళ్లకు ఒక మాట. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులు, గుర్తులు ధరించడం చాలా దేశాల్లో నేరం. వేదిక మీద పాత్ర కోసం వేసుకున్న తాడును వేదిక దిగగానే తీసేయండి. బ్యాండుకైతే ఏ దళానికీ చెందని రంగుల జోడీ ఎంచుకోవడం మర్యాద. ఫురాజేర్ రంగులను మాత్రం అస్సలు వాడవద్దు. ఆ రంగుల వెనక ఎందరో సైనికుల ప్రాణాలున్నాయి.

శుభ్రం చేయడం, దాచడం

నూలు లాన్యార్డును గోరువెచ్చని నీళ్లలో తేలికపాటి సబ్బుతో ఉతికి, పిండకుండా తువ్వాలుతో అద్ది, బరువు తగిలించి సాగదీసి ఆరబెట్టండి. వేలాడుతూ ఆరితేనే పురి సర్దుకుంటుంది. ఒకప్పుడు బ్రిటిష్ సైనికులు తెల్లతాళ్లకు బ్లాంకో అనే తెల్లని ముద్ద పూసి మెరిపించేవారు. అలాంటి పాత తాడు దొరికితే ఉతకకండి. ఆ పూత కూడా దాని చరిత్రే.

జరీ తాడుకు నీళ్లు తగలకూడదు. లోహపు పాలిష్ అంతకన్నా తగలకూడదు, పలచని బంగారు పూతను అది గీకేస్తుంది, పేటల మధ్య తెల్లపొడి మిగిలిపోతుంది. పులుపు ఉన్న ఏ పదార్థంతోనూ రుద్దవద్దు. మెత్తని బ్రష్షుతో పేటల వెంబడి దుమ్ము దులపడమే చేయదగ్గ పని. వేసుకునే ముందు చేతులు కడుక్కుని ఆరబెట్టుకోండి, అత్తరు, స్ప్రేలు కోటు వేసుకోకముందే పూసుకోండి.

జరీ నల్లబడడానికి ముఖ్య కారణం గంధకం. పూత కింద ఉన్న వెండి, రాగి గంధకంతో కలిస్తే నల్లబడతాయి. రబ్బరులో గంధకం ఉంటుంది, అల్లేటప్పుడు రబ్బరు బ్యాండు వద్దన్నది అందుకే. దాచే పెట్టెలోనూ రబ్బరు, పీవీసీ కవర్లు ఉండకూడదు. ఆమ్లం లేని టిష్యూ కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. జడను మడవవద్దు, మడతపడ్డచోట లోపలి తీగ విరుగుతుంది. వెడల్పైన వంపుతో పెట్టి, వంపు లోపల టిష్యూ కాగితం ఉండలు ఉంచండి. హ్యాంగరుకు కోటు మీదే ఏళ్ల తరబడి వదిలేస్తే దాని బరువుకే భుజం దగ్గర కుట్లు సాగిపోతాయి.

అద్దాల పెట్టెలో ప్రదర్శనకు పెడితే ఎండ పడని చోట పెట్టండి. రేయాన్, పట్టు రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, వెలిసిన రంగును వెనక్కి తేలేం. కొన్ని నెలలు ప్రదర్శించి కొన్ని నెలలు చీకట్లో ఉంచడం మంచి పద్ధతి.

పాత తాడు చేతికొస్తే బాగుచేయాలన్న తొందర సహజం. కొత్త మొన తగిలించడం, తెగిన పేట స్థానంలో కొత్తది అల్లడం దాని విలువను తగ్గిస్తాయి. విడిపోతున్న కొసకు అదే రంగు పట్టుదారంతో వదులుగా రెండు చుట్లు వేసి ఆపితే చాలు. ఊడిన మొనను పారేయకుండా చిన్న కాగితపు పొట్లంలో వేసి, ఏ కొసదో రాసి, తాడుతోపాటు అదే పెట్టెలో ఉంచండి. తాడు ఎవరిది, ఏ దళానిది, ఏ భుజానికి వేసుకునేవారు అన్న వివరాలు తెలిస్తే వాటినీ పెన్సిలుతో రాసి ఆ పక్కనే పెట్టండి. సిరా అయితే తేమకు పాకి జరీకి అంటుకుంటుంది.